అర టిక్కెట్టు

పెద్ద సంసారము గలవాడు ప్రయాణము తలపెట్టెనన్న లోకము రెండు విధములుగా మాటలాడును. "ఇంతమందిని వెంటబెట్టుకొని ఎక్కడికయ్యా, ఉన్నది తిని ఇంట కూర్చుండరాదా?" అని కొందరందురు. "తిరుపతికి పోవుటకు రూకలెందుకు? సత్రమున పడుకొని, స్వామి ప్రసాదము తిని రావచ్చును" అని మరికొందరందురు. మొదటివారు ప్రయాణమును కలవారి సొత్తుగా నెంచుచున్నారు. రెండవవారు డబ్బు పడని ప్రయాణమునకు ఖర్చే లేదనుకొనుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని మా యభిప్రాయము. మొదటిదానిని ఖండించుట సులభము. రెండవది మంచిమాటవలె వినబడును గనుక దానిని విచారించుట కొంత కష్టము. ఈ వ్యాసమున ముఖ్యముగా దానినే విచారింపదలచితిమి.

పెద్ద సంసారమన్నంతనే ఎనమండుగురు బిడ్డల తల్లిని ఊహించుకొన నక్కరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7 బిడ్డలు మాత్రమే. ఇంటింట ఒకరిద్దరు పిల్లలే యున్న ఈ కాలమునను, యాత్రకు బయలుదేరునప్పుడు మన కుటుంబము మరల పెద్దదగును. అన్నదమ్ముల సంసారములు రెండు, ముసలి తల్లిదండ్రులు, భర్తను పోగొట్టుకొన్న మేనత్త, సెలవులకు వచ్చిన చెల్లెలి పిల్లలు, వెరసి పండ్రెండుగురు. ఏడాది పొడుగునను వేరువేరు ఊళ్లలో వేరువేరు పొయ్యిలమీద వండుకొనువారు బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయించుటకో మొక్కు చెల్లించుటకో ఒక్కచో చేరుదురు. పినతండ్రి పిల్లలు అన్నదమ్ములని పిల్లలకు తెలియునది అప్పుడే. కాబట్టి 'ఇంట కూర్చుండుడు' అను సలహా పైకి పొదుపుగా కానవచ్చినను, చుట్టరికమును ఎండగట్టు సలహా.

బేకను పండితుడు ప్రయాణమును గూర్చి ఆంగ్లమున వ్రాసిన చిన్న వ్యాసము కళాశాలలో చదివినవారు పలువురుందురు. అందలి యాత్రికుడు యువకుడు. వెంట ఒక గురువో, గంభీరుడైన సేవకుడో యుండును. దినచర్య వ్రాసికొనును, పేరుగల పెద్దలను చూచును, మరలి వచ్చును. అతని చంకలో బిడ్డ లేదు, చేతిలో పాలగిన్నె లేదు. మన తెలుగు యాత్రికుని తీరు వేరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన కలవారు, సుప్రీముకోర్టులో ఉద్యోగము చేసినవారు. ఐనను ఒంటరిగా పోక పెద్ద పరివారమును వెంటబెట్టుకొని పోయిరి. అందుచేతనే వారి కాశీయాత్రచరిత్రలో దేవాలయములతో పాటు నీరెక్కడ దొరకును, బియ్యము పప్పు లెక్కడ దొరకును, దిగుటకు తావెక్కడ కలదు అను విచారము అడుగడుగునను కానవచ్చును. పదిమందిని నడిపించువానికే ఇట్టి విచారము పుట్టును. బేకను యాత్రికునికి లోకము చూడదగినది. సంసారి యైన యాత్రికునికి చూడదగినది మాత్రమే గాక, పదిమందికి వేళకు అన్నము దొరకవలసిన తావు కూడ.

ఇట్టి సంసారికి తిరుపతి చిత్తూరు ప్రాంతము కన్నతల్లి వంటిది. కొండమీద సర్వదర్శనమునకు రుసుము లేదు. తలనీలా లిచ్చుటకు రుసుము లేదు. గదులు దొరకనివారు తల దాచుకొనుటకు యాత్రికుల సముదాయములలో విశాలమైన హాళ్లును, మూటలు భద్రపరచుకొనుటకు అరలును కలవు. నడచి కొండ యెక్కువారికి అలిపిరి మార్గమున సుమారు 3,550 మెట్లును, శ్రీవారి మెట్టు మార్గమున అంతకంటె తక్కువ మెట్లును కలవు. వారి మూటలను దేవస్థానమువారే ఉచితముగా పైకి చేర్చుదురు. 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము నేటికిని జరుగుచున్నది. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడువరకు బిడ్డలను భుజమున నెత్తుకొని మెట్లెక్కుటయో, డోలీ మాట్లాడుకొనుటయో తప్ప వేరు దారి లేదు. రైలు రాకపూర్వము చిత్తూరునుండి తిరుపతికి గల డెబ్బది కిలోమీటర్ల దారి బండికి రెండు మూడు దినముల పయనము. ఆ దినములలో దారిప్రక్క సత్రము కట్టించినవాడు, ఊరిబయట బావి త్రవ్వించినవాడు, చలిపందిరి వేయించినవాడు, తన పేరు కూడ ఎరుగని ఎవరి బిడ్డలకో నీడనిచ్చిన పుణ్యాత్ములు. నేడు మనము చౌకగా తిరుగగలుగుచున్నామన్న అది మన నేర్పు మాత్రమే కాదు, వారి ధర్మమునకు మనము వారసులము.

ఇంతటి వసతి యుండగా 'డబ్బు పడని ప్రయాణమునకు ఖర్చు లేదు' అను మాట నిజమేనని తోచును. మా సందేహ మిచ్చటనే. పండ్రెండుగురు నాలుగు దినములు తిరిగి వచ్చినచో దానికి పట్టవలసిన శ్రమ పట్టియే తీరును. డబ్బు ఇచ్చినవానికి ఆ శ్రమను పరులు మోయుదురు. డబ్బు ఈయనివానికి ఎవరు మోయుదురు? ఖర్చు మాయము కాదు, చేయి మారును. అది ఎవరి చేతికి మారినదో చూచిన గాని ఒక పొదుపు ధర్మమో అధర్మమో చెప్పజాలము.

మొదట అర టిక్కెట్టు సంగతి. మన రైళ్లలో 5 ఏండ్లు నిండని బిడ్డకు ప్రత్యేకముగా పడక కోరనిచో టిక్కెట్టు లేదు. 5 నిండి 12 నిండనివారికి అర టిక్కెట్టు. 2016 ఏప్రిల్ 21 వరకు అర టిక్కెట్టు గల బిడ్డకు కూడ రిజర్వు పెట్టెలలో నిండు పడక దొరకుచుండెను. ఆనాటినుండి బిడ్డకు పడక కావలెనన్న నిండు టిక్కెట్టు కొనవలెను. పెద్దలతో సర్దుకొన్నచో అర టిక్కెట్టు చాలును. బస్సులలోను ఇంచుమించు ఇవే వయస్సులు. నలుగురు పిల్లలున్న జట్టుకు ఈ లెక్క సామాన్యమైనది కాదు. అందుచేత స్టేషను గుమ్మమున ఒక వింత జరుగుచుండును: ఆరేండ్ల బిడ్డ నాలుగేండ్ల బిడ్డయగును, పదుమూడేండ్ల పిల్లవాడు వంగి నడచి పదునొకండేండ్లవాడగును.

బడిపంతుళ్లమగుటచే ఈ వింత యొక్క రెండవ ముఖము మాకు బాగుగ తెలియును. బడిలో చేర్చు దినమున, వయస్సు చాలని బిడ్డకు ఐదు దాటినవని తండ్రి ప్రమాణము చేయును. రెండేండ్లు గడచిన పిమ్మట రైలులో ఆ బిడ్డకే నాలుగు నిండలేదని ప్రమాణము చేయును. ఒకసారి మా తరగతిలో ఒక పిల్లను వయస్సెంత యని యడుగగా, ఆమె కొంచెము ఆలోచించి, "ఏది చెప్పేది అయివారూ, బడిలోదా, రైల్లోదా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. ఆ పిల్ల నవ్వలేదు. ఆమెకు అది హాస్యము కాదు; రెండు తావులలో రెండు జవాబులు చెప్పవలెనని ఇంటిలో నేర్పిన పాఠము. ఆ పాఠము మేము నల్లబల్లపై వ్రాయు ఏ పాఠముకంటెను గట్టిగా నాటినది.

'రైల్వేవారి రాబడిలో మా యిరువది రూపాయలు ఏపాటివి?' అని యడుగువారు కలరు. రైల్వేవారి నష్టమును గూర్చి మాకంత దిగులు లేదు. టిక్కెట్టు పరీక్షించువాని ముందు తండ్రి అబద్ధమాడుట ఒక తప్పు. బిడ్డచేత ఆడించుట అంతకంటె పెద్దది. బిడ్డకు తన వయస్సు తానెరిగిన మొదటి సత్యములలో నొకటి. పుట్టినదినమునాడు క్రొత్త బట్టలు కట్టి, 'నీకు ఆరు వచ్చినవి' అని ముద్దాడి చెప్పినది ఆ తల్లిదండ్రులే. తామే యిచ్చిన సత్యమును తామే నాలుగు రూకలకు వెనుకకు తీసికొనినచో, సత్యమనగా సమయమునకు తగినట్లు మార్చుకొను చొక్కా యని బిడ్డ గ్రహించును. ఆ యాత్ర దేవుని సన్నిధికి చేయు యాత్ర యగుట మరింత విచిత్రము. తైత్తిరీయోపనిషత్తున చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు చేయు హితబోధలో సత్యమును గూర్చిన మాట ముందు వచ్చును. తల్లిని, తండ్రిని, అతిథిని దైవముగా చూడుమను మాట తరువాత వచ్చును. ఆ వరుస ఊరక వచ్చినది కాదని మా నమ్మకము. సత్యము చెప్పుట నేర్పని తండ్రిని దైవముగా చూడుమని బిడ్డకు చెప్పుట ఎట్లు?

సరే, అబద్ధము లేదు. నియమము ప్రకారము అర టిక్కెట్టే కొనిరి. అంతటితో లెక్క తీరినదా? రాత్రి రైలును తలచుకొనుడు. పండ్రెండుగురిలో నలుగురు పిల్లలకు అర టిక్కెట్లు, పడకలు ఎనిమిది. బిడ్డలు పెద్దలతో సర్దుకొనవలెను. ఏ పెద్దలతో? తండ్రికి తెల్లవారి లేచి పనులు చూచుకొనవలసి యున్నది గనుక ఆయన ఒంటరిగా పండుకొనును. తాతగారికి నడుమునొప్పి. మామగారికి గురక. కడపట ఇద్దరు పిల్లలు తల్లి ప్రక్కను, ఇద్దరు పిన్నమ్మ ప్రక్కను చేరుదురు. మూరెడు వెడల్పు పలకమీద బిడ్డ క్రిందపడకుండ ఒక చేయి అడ్డుపెట్టి ఆ తల్లి తెల్లవార్లు కూర్చుండును. అర టిక్కెట్టువలన మిగిలిన సగము రూకలు ఎక్కడనుండి వచ్చినవి? ఆమె నిద్రనుండి వచ్చినవి. ఇంటి లెక్కల పుస్తకములో ఆ పద్దు ఎవరును వ్రాయరు.

ఇది యొక రాత్రి సంగతి మాత్రము కాదు. బయటి తిండి ప్రియమని బయలుదేరుటకు ముందు రాత్రియంతయు ఇంటి ఆడువారు పులిహోర కలుపుదురు, చపాతీలు కాల్చుదురు, పిల్లలకు పెరుగన్నము, పెద్దలకు కారప్పొడి మూటలు కట్టుదురు. దిగినచోట గిన్నెలు కడుగుదురు, బట్టలు పిండుదురు, ఏడ్చు బిడ్డను ఎత్తుకొని వరుసలో నిలుతురు. గర్భగుడి ఎదుటికి వచ్చు సరికి ఒక బిడ్డ దాహమని, ఒక బిడ్డ ఒంటికని పీకులాడుచుండగా, దేవుని ముఖమును చూచుటకు వారికి క్షణము దొరకదు. మగవారు తిరిగి వచ్చి, 'ఎంత చౌకగా ముగించుకొని వచ్చితిమో చూచితిరా' అని అరుగుమీద చెప్పుకొందురు. ఆ చౌకతనము ఇంటి ఆడువారి నడుముల మీదుగా వచ్చినదని చెప్పుకొనరు. ఇంటిలో చేయు చాకిరినే ఊరు మార్చి చేయుటకు యాత్ర యని పేరు పెట్టుట న్యాయము కాదు.

తిరుమలమీద అన్నప్రసాద భవనమునకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టినారు. ఆమె మన చిత్తూరు సీమలో పుట్టిన బిడ్డ. చిన్నతనముననే భర్తను పోగొట్టుకొని, ఆనాటి ఆచారము తనకు గీచిన గీత దాటి, కొండమీద నివసించి కావ్యములు రచించిన విదుషి. 2011లో తెరచిన ఆ భవనమున నాలుగు పెద్ద హాళ్లలో ఒక్కమారు సుమారు నాలుగువేలమంది పంక్తిని కూర్చుండి భోజనము చేయుదురు. ఇంటిలో అందరు తిన్న పిదప మిగిలినది తినుటకు అలవాటుపడిన ఇల్లాలు అక్కడ అందరితో పాటు కూర్చుండును. ఆమె ఆకులో వేరొకరు వడ్డింతురు. ఆ భోజనమునకు డబ్బు లేదని మెచ్చుకొనువారు కలరు. ఆ యొక్క పూట ఆమె పొయ్యి ముట్టింపలేదని మేము మెచ్చుకొనుచున్నాము. ప్రయాణమున మిగిలిన రూకలతో ముందుగా కొనవలసినది ఇదియే: వంటింటికి సెలవు. ఉచితభోజనము దొరకని తావున, చిన్న హోటలులో ఇడ్డెనలు తినుటకు వెనుదీయరాదు.

2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు తీసివేసిరి. 'ఆడువారిని కూడ తీసికొనిపోయిన ఖర్చెక్కువ' అని ఇంట విడిచిపోవు సాకు దీనితో కొంత తీరినది. మంచిదే. కాని టిక్కెట్టు లేక బస్సెక్కిన తల్లి ఒడిలో మరల ఇద్దరు బిడ్డలను కూర్చుండబెట్టి, మూటను కాళ్లమీద పెట్టి, మగవారు కిటికీ ప్రక్కను కూర్చుండినచో, ప్రభుత్వమువారిచ్చినదానిని ఇంటివారు వెనుకకు తీసికొన్నట్లే. పురుషులారా, ఇందు మీరు చేయదగిన పని గొప్ప త్యాగమేమియు కాదు. ఒక రాత్రి బిడ్డను మీ పడకమీద పండుకొనబెట్టుకొనుడు. మరుసటి రాత్రి మరియొకరు. గిన్నెలు కడుగు వంతు మగపిల్లలకును పెట్టుడు. దర్శనపు వరుస చివరకు వచ్చునప్పుడు చంటిబిడ్డను తల్లి చేతినుండి అందుకొనుడు. ఆమెను రెండు చేతులు జోడించి నిలువనిండు.

ఇక రెండవ సంగతి, కాలము. డబ్బు లేనివాడు చౌకగా తిరుగుటకు న్యాయమైన మార్గ మొకటి కలదు. అది డబ్బునకు బదులు కాలమును వెచ్చించుట, పట్టుదలను విడుచుట. ఫలానా దినముననే, ఫలానా గదిలోనే, ఫలానా రైలులోనే అనువాడు ఆ 'ఫలానా'కు వెల యిచ్చుకొనవలెను. ఏ దినమైనను సరే, ఏ దారియైనను సరే అనువానికి సగము భారము తగ్గును. బ్రహ్మోత్సవముల దినములలో, వేసవి సెలవులలో, వైకుంఠ ఏకాదశినాడు కొండమీద ఇసుక వేసిన రాలదు. సామాన్యపు దినములలో అదే దేవుడు అదే గుడిలో ఉండును. 2025 జనవరి 8వ తేదీ రాత్రి వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై తిరుపతిలో గుమికూడిన జనమున తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణములు పోగొట్టుకొనిరి. ఆ మృతులను నిందించుట మా తలంపు కాదు. జనమును నడిపింపవలసినవారి బాధ్యత వేరు. పిల్లలను వెంటబెట్టుకొని పోవు గృహస్థు మాత్రము ఒక్క మాట తలచుకొనవలెను: తిథికి మహిమ కలదని నమ్మినను, ఆ మహిమ బిడ్డ ఊపిరికంటె పెద్దది కాదు.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన చిక్కొకటి కలదు. రద్దీ లేని దినములన్నియు బడి దినములే. 'మా బిడ్డకు జ్వరము' అని సెలవుచీటి వ్రాసి పంపి, నాలుగు దినములు గడచిన పిమ్మట నున్నని గుండుతో బిడ్డను బడికి పంపు తండ్రులు కలరు. ఆ గుండు చూచిన మాకు నవ్వు వచ్చును; కాని ఆ చీటిని ఆ బిడ్డ చేతికే యిచ్చి పంపిరిగదా యని తలచినప్పుడు నవ్వు నిలువదు. ఇదియు అర టిక్కెట్టు వంటిదే. 'తాతగారితో యాత్రకు పోవుచున్నాము, రెండు దినములు సెలవిండు' అని నిజము వ్రాసినచో కాదను ఉపాధ్యాయులు తక్కువ. ఉపాధ్యాయులును తమవంతు చేయవలెను. నిజము చెప్పిన బిడ్డను చీవాట్లు పెట్టి, జ్వరమని చెప్పిన బిడ్డను ఊరకున్నచో, అబద్ధమునకు బడియే బహుమాన మిచ్చినట్లగును. రెండు దినములు బడి మానిన బిడ్డ తిరిగి వచ్చి తాను చూచినది తరగతికి చెప్పినచో ఆ బడికి నష్టము లేదు.

పట్టుదల విడుచుటయన్న, తలపెట్టిన దానిని సగములో మానుకొనుట కూడ. కాలినడకన కొండ యెక్కుటకు రూక పడదు. అంతమాత్రమున బిడ్డను ఏ వేళనైనను మెట్లెక్కింపవచ్చునని కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి వాతబడి ఆరేండ్ల బాలిక మరణించెను. ఆపైని దేవస్థానమువారు మధ్యాహ్నము 2 గంటలు దాటిన పిదప పిల్లలను ఆ దారిన పోనీయరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడిని తిట్టుకొనుచు ప్రక్కదారి వెదకువారు మొక్కును బిడ్డమీద తీర్చుకొనువారు. మొక్కు మొక్కినది పెద్దలు. కాళ్లు నొచ్చునది పిల్లలకు. అలసిన బిడ్డతో గాలిగోపురముదాక ఎక్కి, 'ఇక చాలు, క్రిందికి దిగి బస్సులో పోదము' అని చెప్పగల తండ్రి మాకు నిజమైన భక్తుడు. దిగి పోవుటకు నామోషి పడరాదు.

మూడవ సంగతి, పరుల యింటి లెక్క. ఉచితముగా దొరకునవి రెండు తెరగులు. అందరి కొరకు ఏర్పడినవి కొన్ని, లేనివారి కొరకు ఏర్పడినవి కొన్ని. ప్రసాదము అందరిది, దానిని తినుటకు సిగ్గుపడువాడు తన సొమ్మును గొప్పగా నెంచుకొనువాడు. కాని గదికి అద్దె యిచ్చుకొనగలిగియు, ఉచితపు హాలులో నాలుగు చాపలు పరచి, రాత్రి పదింటికి బిడ్డతో వచ్చిన కూలిమనిషికి తావు లేకుండ చేయుట వేరు. అది పొదుపు కాదు, లేనివాని చాపను లాగుకొనుట. తిన్నచోట మెతుకు పారవేయకుండుట, పండుకొన్నచోట ఊడ్చి పోవుట, కలిగినది హుండిలోనో అన్నదానమునకో వేయుట, ఇవి ఆ ఋణమును కొంత తీర్చును.

తిరుపతిలో కాపుర ముండువారి కష్టము తిరుపతివారికే యెరుక. ఏడాదికి మూడువందల అరువది దినములు వారి యిల్లు సత్రమే. "వదినా, మేము పదిమందిమి వస్తున్నాము, ఒక్క రాత్రే గదా" అని కబురు వచ్చును. ఒక్క రాత్రి మూడు రాత్రులగును. వచ్చినవారు గది అద్దె మిగిలినదని సంతోషింతురు. ఆ వదిన వారమునకు తెచ్చిన బియ్యము రెండు దినములలో తరిగిపోవును. పైగా దర్శనమునకు సిఫార్సు చీటి తెప్పించుమని మరదికి ఒక పని. ఆ చీటి డబ్బు పెట్టి కొన్నది కాదు గనుక ఖర్చు లేనిదే యని తోచును. కాని కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చుండినవారి యెదుటినుండి మనము ముందుకు పోయినచో, మన గంటలను వారి గంటలతో తీర్చుకొంటిమి. చుట్టముల యింట దిగుట తప్పనము. అది కూడికకు మరియొక పేరు. వచ్చునప్పుడు బియ్యపు మూట తెచ్చి, వంటలో చేయి వేసి, పోవునప్పుడు 'ఈసారి మీరు మా యూరికి రండు' అని పిలిచి, పిలిచినట్లు ఆదరించినచో ఆ ఋణము చెల్లును. తీసికొనుటయే గాని పెట్టుట యెరుగనిచో, చుట్టరికము పేర సత్రము వెదకుకొన్నట్లు.

'మీరు నెలజీతగాండ్రు, సత్యము పలుకుటకు మీకు చేతిలో డబ్బున్నది. కూలిచేసి నలుగురు బిడ్డలను పెంచువాడు అన్ని టిక్కెట్లు కొనవలెనన్న ఈ జన్మమున కదలునా?' అని ఒక ప్రశ్న రావచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి మా ఉత్తర మిది: డబ్బు చాలనిచో దూరమును తగ్గించుకొనవచ్చును, సత్యమును తగ్గించుకొన నక్కరలేదు. బిడ్డకు నూరు మైళ్లు పోయినను పది మైళ్లు పోయినను ప్రయాణము ప్రయాణమే. ఇల్లు కానిచోట నిద్రలేచుట, ఎరుగని చెట్టు క్రింద అన్నము తినుట వానికి పండుగ. చిత్తూరునుండి కాణిపాకము పది పండ్రెండు కిలోమీటర్లు. తిరుపతినుండి తిరుచానూరు ఐదు కిలోమీటర్లు, శ్రీకాళహస్తి నలుబది కిలోమీటర్ల లోపు. చంద్రగిరి కోట అంతకంటె దగ్గర. చెన్నపట్టణపు కోటకు మొదట ఆంగ్లేయులకు తావు దొరకిన 1639 నాటి దానము ఆ చంద్రగిరి రాజుల పేరుతో ముడిపడియున్నది. అక్కడి రాజమహలును, అందలి వస్తుప్రదర్శనశాలను కాపాడునది పురావస్తు శాఖ. ఆ శాఖవారి కట్టడములలో 15 ఏండ్లు నిండని పిల్లలకు ప్రవేశరుసుము లేదు. చరిత్రపాఠము పుస్తకములో చదివిన పిల్లలు అక్కడ ఆ గోడను చేతితో తాకవచ్చును. అక్కడ ఏ బిడ్డయు తన వయస్సును దాచుకొన నక్కరలేదు. పదునాలుగేండ్ల పిల్లవాడు కూడ నిటారుగా నిలిచి, 'నాకు పదునాలుగు' అని చెప్పి లోపలికి పోవచ్చును.

కావున పొదుపును గూర్చి మేము చెప్పదలచిన దింతే. తన కాలమును, తన సుఖమును, తన పంతమును వెచ్చించి డబ్బు మిగిల్చినవాడు మితవ్యయపరుడు. భార్య నిద్రను, బిడ్డ సత్యమును, బీదవాని చాపను, చుట్టముల బియ్యమును వెచ్చించి డబ్బు మిగిల్చినవాడు, రూక పోలేదని ఎంత చెప్పుకొన్నను, పరుల సొమ్ముతో యాత్ర చేసినవాడే. మొదటివాడు నిరుపేద యైనను అతని వెంట పదిమంది సంతోషముతో నడుతురు. రెండవవాని వెంట నడచువారు మాటాడక నడుతురు. ఆ మౌనమును అతడు తృప్తి యనుకొనును.

యాత్రనుండి వచ్చిన రాత్రి గృహస్థు లెక్కల పుస్తకము తెరచి రైలు ఇంత, బస్సు ఇంత, పూలు కొబ్బరికాయలు ఇంత యని వ్రాయును, వ్రాయవలసినదే. పుస్తకము మూయుటకు ముందు ఇంటి ఆడువారిని, పిల్లలను దగ్గరకు పిలిచి, మరల ఎప్పుడు పోదమని యడుగవలెను. వారు ఉత్సాహముతో నెలలు లెక్కపెట్టినచో ఆ ప్రయాణము చౌకగా జరిగినట్లు. 'అమ్మయ్య, ఇక చాలు' అని తల్లి నిట్టూర్చినచో, ఎన్ని రూకలు మిగిలినను, ఆ ప్రయాణము మిక్కిలి ప్రియమైనది.